పెళ్ళి ఫోటోలో మసక: పొడుగు లెన్సు, రెండు కిటికీల కెమెరా



సంఘం మలరు కోసం ఇళ్ళల్లో ఉన్న పాత ఫోటోలు పంపమని అడిగితే ఇప్పటికి చాలా వచ్చాయి. వాటిలో 1974లో తిరుచ్చిలో జరిగిన ఒక పెళ్ళి ఫోటోలు పన్నెండు ఉన్నాయి. అవి మేము పెట్టినవే, మా అక్క పెళ్ళివి. చూసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకటే మాట రాశారు. మాలలో పూరేకులు లెక్కపెట్టుకోవచ్చు, ముఖాలు మాత్రం మసగ్గా ఉన్నాయే, తీసినవాడికి చేతకాలేదా అని. యాభై ఏళ్ళ కిందట మా ఇంట్లో పెద్దలు అన్న మాట కూడా అచ్చం అదే.

జవాబు రాద్దామని కూర్చుంటే అది 1802 దాకా వెళ్ళింది. కాస్త పొడుగు రాత, ఓపిక పట్టండి. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక, సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు ఆ పెళ్ళి సంగతి. తీసినది మా వీధి చివర స్టూడియో పెట్టుకున్న అన్న. మనవాళ్ళే. అప్పటిదాకా ఆయన పెళ్ళిలో ఫోటో తీయాలంటే పందిట్లోకి ఎక్కి, పెళ్ళికూతురికి నాలుగైదు అడుగుల దూరంలో నిలబడేవాడు. మా అక్క పెళ్ళిలో మగపెళ్ళివారికి అది నచ్చలేదు. కెమెరావాడి వీపు తప్ప మాకేమీ కనబడడం లేదన్నారు. మా నాయన వెళ్ళి కిందికి దిగి తీయమన్నాడు. అన్న ఏమీ అనలేదు. సంచిలోంచి పొడుగు లెన్సు తీసి బిగించుకుని, పదడుగుల అవతల నిలబడి తీశాడు. లైటు పట్టుకున్నది మేమే, అప్పుడు పద్నాలుగేళ్ళు.

ఆయన చేతిలో ఉన్నది రేంజ్‌ఫైండర్ కెమెరా. తర్వాత కాలంలో అందరూ చూసిన ఎస్సెల్లార్ కెమెరాలాగా లెన్సులోంచే చూసేది కాదు. చూడడానికి పైన పక్కగా ఒక కిటికీ ఉంటుంది, దానికి కొంచెం దూరంలో ఇంకో చిన్న కిటికీ. రెండింటిలోంచి వచ్చిన బొమ్మలు నడుమ ఒక చిన్న మచ్చలో ఒకదాని మీద ఒకటి పడతాయి. లెన్సు తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలు దగ్గరవుతాయి. కలిసిపోతే ఫోకసు కుదిరినట్టు. లెన్సు నిజంగా ఏం చూస్తోందో మాత్రం తీసేవాడికి తెలియదు. కిటికీ చెప్పింది నమ్మాలి.

ఇది కొలత లెక్క, ఫోటోగ్రఫీ కంటే పాతది. 1802లో విలియం లాంబ్టన్ అనే దొర మద్రాసులో పరంగిమలై దగ్గర ఏడున్నర మైళ్ళ గీతను గొలుసులతో కొలిచాడు. ఆ ఒక్క గీత పొడుగు తెలిస్తే, రెండు కొనల నుంచి దూరంలో ఉన్న గుట్టను చూసి కోణం కొలిస్తే చాలు, గుట్ట దగ్గరికి వెళ్ళకుండానే దాని దూరం లెక్కలో వస్తుంది. దేశమంతా కొలిచిన మహా సర్వేకు అదే మొదలు. 1808లో తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి లాంబ్టన్ కోణాల యంత్రాన్ని లాగుతుంటే తాడు తెగి అది గోడకు కొట్టుకుని సొట్టపోయింది. వారాల తరబడి కూర్చుని తన చేతులతోనే సరిచేసుకున్నాడంటారు. గుడికి వెళ్ళినప్పుడల్లా మాకు ఆ సంగతే గుర్తుకొస్తుంది, మా ఇంట్లో ఆడవాళ్ళు కోప్పడతారు.

ఈ లెక్కలో ప్రాణమంతా ఆ మొదటి గీతలో ఉంది. గీత పొడుగైతే దూరపు వస్తువు కొలతలో తప్పు తగ్గుతుంది, పొట్టిదైతే పెరుగుతుంది. మన రెండు కళ్ళ మధ్య దూరం ఆరున్నర సెంటీమీటర్లు, అందుకే సూదిలో దారం ఎక్కించగలం గానీ సముద్రంలో ఓడ ఎంత దూరంలో ఉందో చెప్పలేం. యుద్ధ ఓడల మీద ఫిరంగి గురి కోసం పెట్టిన రేంజ్‌ఫైండర్లు గజాల పొడుగు ఉండేది అందుకే. రెండో యుద్ధంలో జపాన్ వారి యమాటో ఓడ మీద ఉన్నదాని పొడుగు 15 మీటర్లు. దాన్ని చేసిన కంపెనీ నిప్పన్ కొగాకు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

15 మీటర్ల సంగతిని అరచేతిలో ఇమిడే డబ్బాలో పెట్టడమే రేంజ్‌ఫైండర్ కెమెరా కథ.

జర్మనీలో వెట్స్లార్ అనే ఊళ్ళో లైట్స్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్ముతో చిన్న కెమెరా చేశాడు. 1925లో లైప్‌జిగ్ సంతలో అది లైకా పేరుతో బయటికి వచ్చింది. దానికి దూరం కొలిచే ఏర్పాటు లోపల లేదు. కంటి అంచనాతో తిప్పుకోవాలి. 1932లో వచ్చిన రెండో లైకాలో రేంజ్‌ఫైండర్‌ను లెన్సుతో ముడిపెట్టారు. అదే ఏడాది డ్రెస్డెన్ నుంచి జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ పోటీగా దిగింది. రెండింటికీ లెన్సులు మార్చుకోవచ్చు. 50 మిల్లీమీటర్ల మామూలు లెన్సుతో పాటు 85, 90, 135 కూడా 1930ల మొదట్లోనే అమ్మకానికి వచ్చాయి.

ఈ అంకెను మేము బళ్ళో కువియ దూరం అని చదివాం. తెలుగులో నాభ్యంతరం అంటారట. అది ఎంత పెద్దదైతే దూరపు వస్తువు అంత పెద్దగా పడుతుంది. పొడుగు లెన్సులన్నింటినీ జనం టెలిఫోటో అంటారు గానీ, అసలు టెలిఫోటో అంటే వెనక వైపు కాంతిని విడదీసే గాజు పెట్టి, నాభ్యంతరం కంటే గొట్టం పొట్టిగా ఉండేలా చేసింది. 1891లో ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మీతే, స్టైన్‌హైల్ ఎవరికి వారు దాన్ని కనిపెట్టారు. మన మాటల్లో రెండింటినీ కలిపే అనుకుందాం.

చిక్కు ముడి దగ్గర వచ్చింది. 50 లెన్సు అనంత దూరం నుంచి పదడుగుల వస్తువుకు ఫోకసు మారాలంటే ఒక మిల్లీమీటరు కూడా ముందుకు జరగదు. 135 లెన్సు అదే పనికి ఆరు మిల్లీమీటర్లకు పైగా జరగాలి. కెమెరాలో ఉన్న రేంజ్‌ఫైండర్‌కు తెలిసింది 50 లెన్సు కదలిక ఒకటే. కాబట్టి 135 లెన్సు తన ఆరు మిల్లీమీటర్లను మరచుట్లతో, వాలు పట్టీలతో 50 లెక్కలోకి మార్చి కెమెరాకు చెప్పాలి. లోపల ఒక భాష, గడప దాటితే ఇంకో భాష. మనకు వేరే చెప్పక్కర్లేదు. మార్చి చెప్పడంలో వెంట్రుకవాసి తేడా వస్తే 50 దగ్గర తెలియదు, 135 దగ్గర బయటపడుతుంది.

ఎంత బయటపడుతుందో అంకెల్లో చూడండి. పదడుగుల దూరం, అంటే సుమారు 3 మీటర్లు. లెన్సు ద్వారం 3.5 దగ్గర తెరిచి ఉంది. 50 లెన్సుకు ముందూ వెనకా కలిపి సుమారు 75 సెంటీమీటర్ల మేర స్పష్టంగా వస్తుంది. మనిషి, వెనక నిలబడ్డ తోటిపెళ్ళికూతురు కూడా అందులోనే పడతారు. 135 లెన్సుకు వచ్చేది సుమారు 10 సెంటీమీటర్లు. ముఖానికి పెడితే మాల పోతుంది, మాలకు పెడితే ముఖం పోతుంది.

అంతేకాదు, ద్వారం మారకుండా నాభ్యంతరం రెట్టింపయితే రెండు కిటికీల మధ్య దూరం నాలుగు రెట్లు కావాలి. 1930ల లైకాలో ఆ దూరం సుమారు 39 మిల్లీమీటర్లే. 1933లో కిటికీకి ఒకటిన్నర రెట్లు పెద్దగా చూపే గాజు పెట్టి కొంత సర్దుకున్నారు. కాంటాక్స్ వారు మొదటి నుంచీ కిటికీలను దూరంగా పెట్టారు. 1936 నాటి రెండో కాంటాక్స్‌లో 90 మిల్లీమీటర్లు, పైగా దృశ్యం చూడడం, దూరం కొలవడం రెండూ ఒకే కిటికీలో. పొడుగు లెన్సు వాడే పత్రికలవాళ్ళకు అందుకే కాంటాక్స్ మీద నమ్మకం ఎక్కువ. చేతిలో సబ్బుబిళ్ళలా ఇమిడేది మాత్రం లైకా. మమ్మల్ని అడిగితే అందం లైకాది, కొలత కాంటాక్స్‌ది.

135 దాటితే ఇద్దరూ చేతులెత్తేశారు. 1935లో లైట్స్ వారు 200 మిల్లీమీటర్ల టెలిట్ లెన్సు తెచ్చారు. దాన్ని రేంజ్‌ఫైండర్‌తో ముడిపెట్టలేదు. కెమెరాకూ లెన్సుకూ నడుమ అద్దం ఉన్న ఒక పెట్టె బిగించి, పైనుంచి గరుకు గాజులో చూడమన్నారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ కోసం జైస్ వారు చేసిన 180 సొన్నార్ లెన్సు కూడా చివరికి అలాంటి అద్దం పెట్టెతోనే నడిచింది. ఒలింపియా సొన్నార్ అని ఇప్పటికీ దాని పేరు. ఆ 1936లోనే అదే డ్రెస్డెన్‌లో ఎక్సాక్టా అనే చిన్న ఫిల్ము కెమెరా అద్దం లోపలే పెట్టుకుని వచ్చింది. రేంజ్‌ఫైండర్ కొంప మునిగేది ఎటునుంచో ఆనాడే తెలిసిపోయిందన్నమాట. ముంచడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

ఈ మధ్యలో యుద్ధం వచ్చింది, పోయింది. కాంటాక్స్ యంత్రాలను సోవియట్ వారు పట్టుకుపోయి కీవ్ నగరంలో అదే తరహా కెమెరాను కీవ్ పేరుతో చేశారు. ఓడిపోయిన జపాన్‌లో ఫిరంగి గురి యంత్రాలు చేసే నిప్పన్ కొగాకుకు పని లేకుండా పోయింది. 1948లో వాళ్ళు నైకాన్ అనే కెమెరా తెచ్చారు. రేంజ్‌ఫైండర్లు చేయడంలో వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. లోపలి షట్టరు లైకా పద్ధతి, లెన్సు బిగించే మౌంటు కాంటాక్స్ పద్ధతి.

పేరు తెచ్చింది కెమెరా కంటే ముందు లెన్సే. 1950లో లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఉండగా, జున్ మికి అనే జపాన్ ఫోటోగ్రాఫర్ ఆయన్ను 85 మిల్లీమీటర్ల నిక్కోర్ లెన్సుతో ఫోటో తీశాడు. ఆ ప్రింటు చూసి డంకన్ ఫ్యాక్టరీకే వెళ్ళి లెన్సులు పరీక్షించాడు. వెంటనే కొరియా యుద్ధం. ఆయన తన లైకాలకు నిక్కోర్ లెన్సులు బిగించుకుని వెళ్ళాడు. ఆ ఏడాది చివరికి అమెరికా పత్రికలు జపాన్ లెన్సుల గురించి రాయడం మొదలుపెట్టాయి. లోకమంతా జర్మనీ గాజు తప్ప గాజు కాదన్న రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మా అక్క పెళ్ళికి సంబంధించిన చోటికి వచ్చాం. కాంటాక్స్ మౌంటు, నైకాన్ మౌంటు చూడడానికి ఒకటే. ఒకదాని లెన్సు ఇంకోదానికి చక్కగా ఎక్కుతుంది, టక్కుమని బిగుస్తుంది, తిప్పితే కిటికీలో బొమ్మలు కలుస్తాయి కూడా. లోపలి లెక్క మాత్రం వేరు. ఇద్దరూ మామూలు లెన్సుకు పట్టుకున్న ప్రమాణంలో మిల్లీమీటరు లోపు తేడా ఉంది. దూరపు కొండకు పెడితే రెండూ ఒకటే చెబుతాయి. దగ్గరికి వచ్చేకొద్దీ తేడా పెరుగుతుంది. 28, 35 లెన్సుల్లో అది స్పష్టమైన మేరలో కలిసిపోయి కనబడదు. 85, 135 లెన్సుల్లో, ద్వారం పూర్తిగా తెరిస్తే, కిటికీ కుదిరిందన్న చోట ఫిల్ము మీద కుదరదు. ఇది ఆ కంపెనీకి తెలియని సంగతి కాదు. కాంటాక్స్ వాడేవాళ్ళ కోసం వేరే లెక్కతో చేసిన లెన్సుల మీద సి అనే అక్షరం వేసి అమ్మారు. ఆ అక్షరం అర్థం చెప్పేవాళ్ళు ఉన్న చోట కొంటే ఇబ్బంది లేదు.

రైల్వేలో మేము మీటరు గేజి, బ్రాడ్ గేజి రెండూ చూశాం. 1000 మిల్లీమీటర్ల పట్టా మీదికి 1676 మిల్లీమీటర్ల బండి ఎక్కనే ఎక్కదు, ఎవడూ పొరపాటు పడడు. సరుకు దించి ఇంకో బండికి ఎక్కించుకోవాలి, అంతే. ఈ లెన్సు ఎక్కుతుంది. అదే దీనితో వచ్చిన చిక్కు.

జర్మనీవాళ్ళు ఊరుకోలేదు. 1954లో లైకా ఎం3 వచ్చింది. కిటికీల మధ్య 68.5 మిల్లీమీటర్లు, మన కళ్ళ దూరమే ఇంచుమించు. దృశ్యం దాదాపు నిజం సైజులో, 0.91 వంతు కనబడుతుంది. 50, 90, 135 లెన్సులకు తెల్లని గీతల చట్రాలు వాటంతటవే వస్తాయి. అంతకుముందు పొడుగు లెన్సు వేస్తే కెమెరా నెత్తిన ఇంకో వ్యూఫైండర్ తగిలించుకోవాలి, ఒకదాంట్లో ఫోకసు, ఇంకోదాంట్లో చట్రం. ఆ బాధ పోయింది. అయినా 135 చట్రం 50 చట్రంలో ఏడో వంతు జాగా. అంత చిన్న గడిలో పెళ్ళికూతురి ముఖం చూసి ఎవరు నవ్వారో ఎవరు కళ్ళు మూశారో చెప్పడం కష్టం. 1963లో 135 ఎల్మారిట్ లెన్సుకు కిటికీల ముందు నిలిచేలా ఏకంగా కళ్ళజోడు బిగించారు, అన్నీ ఒకటిన్నర రెట్లు కనబడేలా. పనిచేసింది. చూస్తే మాత్రం వయసైపోయినట్టే ఉంటుంది.

అప్పటికే నిప్పన్ కొగాకు తన రేంజ్‌ఫైండర్ ఎస్‌పీని ఆధారం చేసుకుని, దాని నడుమ అద్దం పెట్టె కూర్చి 1959లో నైకాన్ ఎఫ్ తెచ్చింది. లెన్సు చూసేదే కంటికి కనబడుతుంది. 50 అయినా 500 అయినా మార్చి చెప్పే పని లేదు, కిటికీ మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. ఆటలు, అడవి జంతువులు, ఊరేగింపులు, యుద్ధం అన్నీ అటు వెళ్ళిపోయాయి. వియత్నాం వెళ్ళిన పత్రికలవాళ్ళలో చాలామంది మెడలో రెండు రకాలూ వేసుకున్నారు, దగ్గరికి లైకా, దూరానికి నైకాన్ ఎఫ్. 1960ల నడుమ లైకా వారు కూడా అద్దం కెమెరా చేయక తప్పలేదు.

రేంజ్‌ఫైండర్ చేతగాని కెమెరా అని మేము అనడం లేదు. దాన్ని పట్టుకున్నవాడు దగ్గరికి వెళ్ళాలి, అంతే. కార్టియే బ్రెసాన్ జీవితమంతా ఎక్కువగా 50 లెన్సుతోనే తీశాడు. 1948 జనవరి 30న గాంధీగారిని చంపడానికి కొద్దిసేపటి ముందు ఆయన్ను కలిసి వచ్చినవాడు, ఆ రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర నెహ్రూ చీకట్లో జనానికి కబురు చెబుతుంటే దగ్గరే ఉన్నవాడు. 1950 ఏప్రిల్‌లో తిరువణ్ణామలైలో రమణ మహర్షి చివరి రోజుల్లోనూ అక్కడే ఉన్నాడు. చప్పుడు చేయని చిన్న కెమెరా కాబట్టి దగ్గరికి రానిచ్చారు. మా స్టూడియో అన్న కూడా పందిట్లో ఉన్నంతకాలం బాగానే తీశాడు. 1974కు ముందు ఆయన తీసిన పెళ్ళిళ్ళు మలరు కోసం మూడు వచ్చాయి, చూడండి, అన్నీ అద్దంలా ఉన్నాయి.

ఆయన్ను పందిరి దించింది మనం.

ఆ పెళ్ళి ఫోటోలు చూసి మా నాయన మిగతా డబ్బు ఇవ్వలేదు. తర్వాత మన సంఘంలో ఒక్కరు కూడా ఆయన్ను పిలవలేదు. చేయి వణుకుతోందన్నారు, తాగాడన్నారు. ఆయన తాగగా మేము చూడలేదు. రెండేళ్ళకు స్టూడియో మూసి ఈరోడు వైపు వెళ్ళిపోయాడు.

మేము రిటైరయిన తర్వాత ఒక చావు పలకరింపులో ఆయన కూతురు కలిసింది. నాయన సామాను అట్టపెట్టెలో ఉంది అన్నా, ఎవరికివ్వాలో తెలియడం లేదు అంది. తెచ్చుకున్నాం. కెమెరా ఒక దేశానిది, 135 లెన్సు ఇంకో దేశానిది. ఆ కాలంలో కొత్త కెమెరా దిగుమతి అయ్యే దారి లేదు. కెమెరా ఒక ఓడ మనిషి దగ్గర, లెన్సు మద్రాసు బీచ్ స్టేషను ఎదురుగా బర్మా బజారులో కొన్నాడట. పేర్లు ఇక్కడ రాయడం లేదు, చేసినవాళ్ళ తప్పు ఏమీ లేదు. పైన చెప్పిన రకం జతే అనుకోండి.

చెన్నైలో పాత కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన వెనక మూత తీసి, ఫిల్ము ఉండే చోట గరుకు గాజు పెట్టి, గోడ మీద కాగితం అంటించి, టేపుతో 3 మీటర్లు కొలిచాడు. కిటికీలో బొమ్మలు కలిశాయి. గాజు మీద కాగితం మసక. కాగితాన్ని మెల్లగా ముందుకు తెచ్చాడు. 9 సెంటీమీటర్లు తెచ్చాక స్పష్టమైంది. ఇంకోసారి కొలిచాడు, మళ్ళీ 9. కిటికీ తెరిచి వీధి చివర ఉన్న సెల్ టవరుకు పెడితే సూదిలా వచ్చింది. అన్న కొత్త లెన్సును మలైకోట మీద పెట్టి పరీక్షించుకుని ఉంటాడు. బాగానే వచ్చి ఉంటుంది.

అక్క పోయి పదకొండేళ్ళయింది. ముఖం నుంచి మెడలో మాల దాకా కొలిస్తే ఎంత ఉంటుందో ఇక ఎవరి మీదా చూడలేదు, మా ఆవిడ మెడలో దండ వేసి చూశాం. బెత్తెడు దాటింది.

మలరులో ఆ పన్నెండు ఫోటోల్లో రెండు వేస్తున్నాం. కింద ఆయన పేరు వేయిస్తున్నాం, ఆయన కూతురు ఒప్పుకుంది. నాయన ఇవ్వాల్సిన మిగతా డబ్బు 140 రూపాయలని ఆయన చిట్టా పుస్తకంలో రాసి ఉంది. దాని గురించి మేమూ ఆమే మాట్లాడుకున్నాం.

మీ ఇళ్ళల్లో 1974కు ముందు తిరుచ్చి, పొన్మలై పెళ్ళి ఫోటోలు ఉంటే వెనక్కి తిప్పి చూడండి. మూలలో ఊదా రంగు రబ్బరు స్టాంపు, కోడిగుడ్డు ఆకారంలో గీత ఉంటే ఆయనవే. స్కాను చేయించి పంపండి. అసలు ప్రింటు పంపొద్దు, పోస్టులో నలుగుతుంది.